కాస్టిక్ సోడా ఆవిరి గొంతు పట్టేస్తోంది, ఏ మాస్కు కొనాలి?

ప్రశ్న: రాజోలు దగ్గర మాది పల్లెటూరు. డ్వాక్రా గ్రూపులో ఐదుగురం కలిసి కొబ్బరి నూనెతో సబ్బులు చేయడం మొదలుపెట్టాం. కిలో నూనెకు 155 గ్రాముల కాస్టిక్ సోడా, 300 గ్రాముల నీళ్లు వాడుతున్నాం. మొన్న ముసురు పట్టి బయట కుదరక మా వంటింట్లోనే కలిపాం. జల్లు కొడుతోందని కిటికీ కూడా వేసేశాం. తొందరగా కరుగుతుందని గోరువెచ్చని నీళ్లు తీసుకుని కాస్టిక్ అంతా ఒకేసారి వంపేశాం. తెల్లటి పొగ లేచి గొంతు పట్టేసింది, కళ్లు మండిపోయాయి, సాయంత్రం దాకా పొడి దగ్గు తగ్గలేదు. హాల్లో కూర్చున్న మా అత్తగారికి ఉబ్బసం. ఆవిడకు కూడా దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఏ మాస్కు కొనుక్కోవాలి? ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టిస్తే ఇంట్లోనే చేసుకోవచ్చా? పక్కన వెనిగర్ సీసా ఉంచుకుంటే భయం లేదంటున్నారు, నిజమేనా?

సమాధానం: ముందు ఆరోగ్యం సంగతి. మీకు గానీ అత్తగారికి గానీ దగ్గు ఇంకా ఉన్నా, ఊపిరి తీస్తే పిల్లికూతలు వినిపిస్తున్నా, ఛాతీ పట్టేసినట్టున్నా డాక్టరుకు చూపించుకోండి. కాస్టిక్ సోడా ఆవిరి పీల్చామని మీరే చెప్పండి, చెప్పకపోతే మామూలు జలుబు కింద మందు రాసి పంపేస్తారు. ఈ విషయం తేలేదాకా మళ్లీ కలపొద్దు.

ఇక మాస్కు. అది చివర్లో ఆలోచించాల్సిన వస్తువు. మీ వంటింట్లో లేచిన పొగలో చాలా భాగాన్ని అసలు లేవకుండా ఆపొచ్చు. అదెలాగో తెలియాలంటే ఆ పొగ ఏమిటో తెలియాలి.

కాస్టిక్ సోడా తనంతట తాను ఆవిరయ్యే సరుకు కాదు. అది మరగాలంటే 1,388 డిగ్రీల వేడి కావాలి. నీళ్లలో పడ్డప్పుడు మాత్రం విపరీతమైన వేడిని వదులుతుంది. 28 డిగ్రీల నీళ్లు రెండు మూడు నిమిషాల్లో 90 డిగ్రీల దాకా పోతాయి. నీళ్లు అలా సలసలమంటుంటే చిన్న చిన్న బుడగలు పగులుతాయి, ఆ పగుళ్లలోంచి కంటికి ఆనని తుంపర ఎగురుతుంది. ఆవిరితో కలిసి పైకొచ్చేది ఆ తుంపరే. ప్రతి బొట్టులోనూ కాస్టిక్ ఉంటుంది. గొంతులో, ముక్కులో, కంట్లో తడి ఎక్కడుంటే అక్కడ వాలి మండిస్తుంది. అమెరికాలో ఫ్యాక్టరీల గాలికి పెట్టిన హద్దు ఘనపు మీటరుకు 2 మిల్లీగ్రాములు. మీ 155 గ్రాముల్లో వెయ్యో వంతు తుంపరగా లేచినా సరే, పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న మూసిన వంటింట్లో ఆ హద్దుకు రెండింతలు దాటిపోతుంది. అందుకే హాల్లో ఉన్న పెద్దావిడకూ తగిలింది.

మీ కొలతలో తప్పు లేదు. కొబ్బరి నూనె గ్రాముకు సుమారు 0.183 గ్రాముల కాస్టిక్ తీసుకుంటుంది, కిలోకు 183. ఒట్టి కొబ్బరి నూనె సబ్బు చర్మాన్ని ఎండగొడుతుంది కాబట్టి పదిహేను శాతం తగ్గించి 155 వేయడం మంచి పద్ధతే. నీళ్లు కాస్టిక్‌కు దాదాపు రెండింతలున్నాయి, అదీ సరే. తప్పంతా వేడి నీళ్ల దగ్గర, ఒకేసారి వంపడం దగ్గర, మూసిన గది దగ్గర ఉంది.

నీళ్లు ఎంత చల్లగా ఉంటే అంత మంచిది. 300 గ్రాముల్లో సగం ఐసు ముక్కలుగా, సగం ఫ్రిజ్ నీళ్లుగా తీసుకోండి. ఐసు కరగడానికే చాలా వేడి ఖర్చవుతుంది. 150 గ్రాముల ఐసు మీ కాస్టిక్ పుట్టించే వేడిలో దాదాపు మూడో వంతు మింగేస్తుంది. ఐసును కూడా ఆ 300 లోనే తూకం వేయాలి, పైన అదనంగా వేస్తే సబ్బు మెత్తబడి అచ్చులోంచి ఊడిరాదు. కలిపే గిన్నెను చల్లని నీళ్లు పోసిన బేసినులో పెట్టండి. బేసిను నీళ్లు గిన్నెలో సగం ఎత్తుకు మించకూడదు, మించితే గిన్నె తేలి ఒరుగుతుంది. ఇలా చేస్తే వేడి 60, 70 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, తెల్లటి ఆవిరి బాగా తగ్గిపోతుంది.

నీళ్ల బదులు కొబ్బరి నీళ్లో కొబ్బరి పాలో పోయాలని కోనసీమలో ఎవరికైనా అనిపిస్తుంది. మామూలు వేడిలో పోస్తే వాటిలోని చక్కెర మాడి నారింజ రంగుకు తిరుగుతుంది, ముక్కుపుటాలు అదిరే అమ్మోనియా వాసన కూడా వస్తుంది. నేర్చుకునే రోజుల్లో వాటి జోలికి పోకండి.

కాస్టిక్‌ను నీళ్లలో వేయాలి, కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు. నీళ్లు మీద పోస్తే కొద్ది నీళ్లకు మొత్తం వేడి ఒక్కసారి తగిలి మొహం మీదికి చిమ్ముతుంది. 155 గ్రాములను ఆరు విడతలుగా, విడతకు దాదాపు 26 గ్రాముల చొప్పున, నిమిషానికొకసారి వేయండి. వేసిన ప్రతిసారీ పొడుగు స్టీలు గరిటెతో అడుగంటా నెమ్మదిగా తిప్పండి. ఇక్కడ చాలామంది తెలియక పొరబడే విషయం ఒకటుంది. ఒకేసారి వేసి కాసేపు వదిలేస్తే కాస్టిక్ రేకులన్నీ అడుగున అంటుకుని గట్టి అచ్చులా బిగుసుకుపోతాయి. పైన నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి. కరగలేదేమిటని గరిటెతో పొడవగానే అచ్చు పగిలి, లోపల చిక్కుకున్న వేడంతా ఒక్క ఊపున బయటపడి గిన్నె పొంగుతుంది. అలాంటి అచ్చు కనిపిస్తే పొడవకండి. వేయడం ఆపి, నీళ్లు మెల్లగా కదిలేలా పైపైన తిప్పుతూ దాన్ని దానంతట కరగనివ్వండి.

మొత్తం కలపడానికి పది నిమిషాలు పడుతుంది. తొందరపడితే మిగిలేది ఎనిమిది నిమిషాలు, పోయేది సాయంత్రం దాకా ఊపిరి. విడతకూ విడతకూ మధ్య గిన్నె మీద ప్లేటు వదులుగా వాల్చండి. బిగుతుగా మూయకూడదు. తిప్పేటప్పుడు చేయి చాచి, తల పక్కకు పెట్టండి. కరిగిందో లేదో చూద్దామని గిన్నెలోకి తొంగిచూసేటప్పుడే ఎక్కువమందికి ఆవిరి తగులుతుంది. మూడు నాలుగు అడుగులు వెనక్కి జరిగి, ఆవిరి లేవడం ఆగాక చూడొచ్చు. అప్పుడు కూడా పై నుంచి కాకుండా పక్క నుంచి చూడండి.

చోటు సంగతి. ఎగ్జాస్ట్ ఫ్యాను ఉన్న వంటిల్లు కన్నా మూడు వైపులా తెరిచిన వసారా ఎన్నో రెట్లు నయం. ఫ్యాను గోడ పైన, గిన్నె కింద గట్టు మీద, వాటి మధ్య మీ మొహం. ఆవిరి ఫ్యానుకు చేరేది మీ ముక్కు మీదుగానే. స్టవ్వు మీది చిమ్నీ కూడా పనికిరాదు, చాలావాటిలో జాలీలు అల్యూమినియంవి, కాస్టిక్ తుంపర వాటిని తినేస్తుంది. ముసురు పట్టిన రోజుల్లో వెనక వసారా గానీ, పశువులు లేని పాక గానీ, కొబ్బరికాయలు పోసుకునే షెడ్డు గానీ చూసుకోండి. పైన కప్పు ఉండాలి, పక్కల గోడలు ఉండకూడదు. జల్లు గిన్నెలో పడితే చిమ్ముతుంది కాబట్టి చూరుకు నాలుగడుగులు లోపలికి జరగండి. అలాంటి చోటు దొరక్కపోతే ఆ రోజు కలపొద్దు, కొబ్బరి నూనె రెండు రోజులాగితే పాడైపోయేది కాదు.

గాలి ఎటు వీస్తుందో చూడటానికి గిన్నె పెట్టబోయే చోట ఒక అగరబత్తి వెలిగించి నిలబెట్టండి. పొగ ఎటు వాలుతుందో ఒక నిమిషం గమనించి, బత్తి ఆర్పి తీసేయండి. గాలికి ఎదురుగా నిలబడకూడదని అందరికీ తెలుసు. వీపుకు గాలి తగిలేలా నిలబడటం మంచిదనుకుంటారు గానీ అదీ అంత మంచిది కాదు. గాలి మీ ఒంటిని దాటి వెళ్లేటప్పుడు ముందు వైపు సుడి తిరుగుతుంది, గిన్నె మీది ఆవిరి ఆ సుడిలో పడి మొహానికే వస్తుంది. గాలి మీ కుడి చేతి వైపు నుంచో ఎడమ చేతి వైపు నుంచో అడ్డంగా పోయేలా నిలబడండి. అస్సలు గాలి లేని రోజున టేబుల్ ఫ్యాను నాలుగైదడుగుల దూరంలో పక్కన పెట్టి తక్కువ స్పీడులో తిప్పండి, కానీ కాస్టిక్ తూకం వేసేటప్పుడు ఆపేయండి. రేకుల మధ్య ఉండే సన్నటి పొడి గాలికి లేచి కంట్లో పడుతుంది. మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి గట్టిగా ఉంటే, పొద్దుటి పూట కలుపుకోవడం మేలు. గాలి పోయే వైపు ఎవరూ కూర్చోకుండా, ఆరేసిన బట్టలు లేకుండా చూసుకోండి. అత్తగారిని ఆ వేళకు వీధి వైపు గదిలో కూర్చోబెట్టి, పెరటి వైపు తలుపులు, కిటికీలు వేయండి. ఆవిరి ఆగిన అరగంట తర్వాత తీయొచ్చు. ఆవిడ ఇన్‌హేలర్ చేతికి అందేచోట ఉంచండి.

మీరు ఏ గిన్నె వాడారో రాయలేదు. సిల్వరు గిన్నె మాత్రం కాకూడదు. సిల్వరంటే అల్యూమినియమే, కాస్టిక్ పడగానే నురగలు కక్కి హైడ్రోజన్ వదులుతుంది. ఆ నురగతో తుంపర మరింత లేస్తుంది, దగ్గర్లో స్టవ్వు వెలుగుతుంటే హైడ్రోజన్ అంటుకుంటుంది. నాన్‌స్టిక్ గిన్నెల్లో కూడా లోపల ఉండేది ఎక్కువగా అల్యూమినియమే. జింకు పూత బకెట్లు, ఇత్తడి, రాగి కూడా వద్దు. గాజు జాడీ నాలుగుసార్లు బాగానే ఉండి ఐదోసారి వేడికి పగలొచ్చు. మంచి స్టీలు గిన్నె, లేదా అడుగున త్రికోణంలో 5 అంకె ఉన్న మందపాటి ప్లాస్టిక్ జగ్గు వాడండి. రెండు లీటర్ల గిన్నె తీసుకుంటే మీ సరుకు పావు వంతు కూడా నిండదు, చిమ్మినా అంచు దాటదు. దాన్ని వంటకు మళ్లీ వాడకుండా పక్కన పెట్టేయండి.

మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కాస్టిక్‌తో ఇంకో చిక్కుంది. మూత తీసిన పొట్లంలో రేకులు గాలిలోని నీటిని లాగేసుకుని జిగటపడతాయి, కార్బన్ డయాక్సైడ్‌ను కూడా పీల్చుకుని పైన తెల్లటి పొర కడతాయి. ఆ పొర సోడియం కార్బొనేట్, దాని బలం తక్కువ. తూకానికి 155 ఉన్నా పనికి 155 ఉండదు. ముద్దలు కట్టిన కాస్టిక్‌ను సుత్తితో చితక్కొట్టి వాడేవాళ్లున్నారు, ఆ దుమ్ము ఆవిరి కన్నా ప్రమాదం. వానాకాలంలో అరకిలో పొట్లాలే కొనండి. మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో బిగుతు మూత పెట్టి, పైన పెద్ద అక్షరాలతో పేరు రాసి, తాళం వేసే చోట పెట్టండి. కూల్‌డ్రింక్ సీసాలో గానీ మంచినీళ్ల సీసాలో గానీ కలిపిన నీళ్లు పోసి ఉంచడం ఎప్పటికీ చేయకండి. నీళ్లలాగే తెల్లగా ఉంటాయి, పిల్లలు తాగేస్తారు. పొరపాటున ఎవరైనా మింగితే వాంతి చేయించకూడదు, నోరు పుక్కిలించి ఉమ్మించి వెంటనే 108కి ఫోను చేయాలి. కాలువల సందులు తీసే పొడులను సబ్బుకు వాడకండి, కొన్నిటిలో అల్యూమినియం ముక్కలు కలుపుతారు.

తీరానికి దగ్గర ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా, సబ్బు నురగ రానంత కఠినంగా ఉంటాయి, కాస్టిక్ వేయగానే తెల్లగా విరిగినట్టవుతాయి. డిస్టిల్డ్ వాటర్ తీసుకోండి. బ్యాటరీల కొట్లో అడిగితే దొరుకుతుంది, కానీ డబ్బా మీద అక్షరాలు చదివి మరీ తీసుకోండి. పక్కనే బ్యాటరీ యాసిడ్ డబ్బాలు కూడా అదే సైజులో ఉంటాయి. అందులో కాస్టిక్ పడితే పేలినట్టు చిమ్ముతుంది.

ఇవన్నీ చేశాక మాస్కు. ఎన్95 తుంపరను ఆపగలదు, ముక్కు దగ్గర తీగ నొక్కి అంచులు మొహానికి అతికేలా పెట్టుకుంటేనే. ఆవిరికి తడిస్తే మార్చేయాలి. సర్జికల్ మాస్కు, గుడ్డ మాస్కు, చీర కొంగు ఇందుకు పనికిరావు. తడి తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకోవడం ఇంకా చెడ్డది, తుంపరను పట్టి మీ పెదవుల మీదే ఉంచుతుంది. పెయింటర్లు వాడే బొగ్గు డబ్బాల మాస్కు రసాయనాల వాసనలకు చేసింది, తుంపర ఫిల్టరు విడిగా లేకపోతే దానివల్ల ఉపయోగం లేదు. కానీ ఒక్క వస్తువే కొనగలిగే డబ్బుంటే మాస్కు వదిలేసి కళ్లద్దాలు కొనండి, చుట్టూ మూసుకుని మొహానికి అతికే గాగుల్స్. గొంతు మంట తగ్గుతుంది, కంటి నల్లగుడ్డు మీద కాస్టిక్ బొట్టు పడితే చూపే పోవచ్చు. మామూలు చత్వారం అద్దాలు పక్కల నుంచి కాపాడవు. మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లవ్స్, పొడుగు చేతుల చొక్కా, కాలివేళ్లు మూసే బూట్లు కావాలి. కొంగు, చున్నీ గట్టిగా దోపుకోండి, గాజులు తీసి గ్లవ్స్ వేసుకోండి.

వెనిగర్ ఒంటి మీద పోయడానికి కాదు. కాస్టిక్‌తో కలిసినప్పుడు మళ్లీ వేడి పుడుతుంది, సీసా వెతికే లోపు కాస్టిక్ లోపలికి దిగుతుంది. నిమ్మకాయా అంతే. ఒంటి మీద పడితే పొడి రేకులను ముందు దులిపేసి, తడిసిన బట్ట తీసేసి, పారే నీళ్లతో ఇరవై నిమిషాలు తగ్గకుండా కడగాలి. వేళ్లకు జారుడుగా తగిలిందంటే కాస్టిక్ చర్మంలోని కొవ్వును సబ్బు చేస్తోందన్నమాట. జారుడు పోయినా కడగడం ఆపకండి. కంట్లో పడితే రెప్పలు వేళ్లతో తెరిచి పట్టి అరగంట నీళ్లు పోస్తూనే ఉండాలి, తర్వాత నేరుగా కంటి ఆసుపత్రికి. ఆవిరి గట్టిగా పీల్చినవాళ్లను గాలి తగిలేచోటికి తీసుకెళ్లి కూర్చోబెట్టండి. ఆ తర్వాత కొన్ని గంటలకైనా ఆయాసం మొదలవ్వొచ్చు, ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. ఇందుకే మొదలుపెట్టక ముందే నిండు బకెట్ మంచి నీళ్లు, మగ్గు, వీలైతే కుళాయికి తగిలించిన పైపు రెండడుగుల దూరంలో పెట్టుకోవాలి. కలపని ఒక మనిషి పక్కన ఉండాలి. ఐదుగురున్నారు కాబట్టి మీకు అది కష్టం కాదు.

మీ గ్రూపుకు ఇంకో ఉపాయం ఉంది. ప్రతి కిలోకీ విడిగా కలపకుండా, గాలి బాగున్న ఒక రోజు పొద్దున 500 గ్రాముల కాస్టిక్‌ను కిలో నీళ్లలో, సగం ఐసుతో, పైన చెప్పినట్టే ఇరవై విడతలుగా కలిపి చల్లార్చండి. మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో పోసి బిగించి, తాళంలో పెట్టండి. ఆ నీళ్లలో ప్రతి మూడు గ్రాములకూ ఒక గ్రాము కాస్టిక్ ఉంటుంది. 155 కావాల్సినప్పుడు 465 గ్రాములు తూచుకుంటే చాలు, వేరే నీళ్లు అక్కర్లేదు. మూడు కిలోల నూనెకు సరిపోతుంది. వాడేటప్పుడు అది చల్లగానే ఉంటుంది కాబట్టి ఆవిరి రాదు, మూడుసార్లు పీల్చాల్సింది ఒక్కసారితో పోతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం ఈ డబ్బా ఉంచొద్దు, తాళం ఉన్న గ్రూపు గదిలో పెట్టండి.

కాస్టిక్ నీళ్లు 40 డిగ్రీలకు దిగాక నూనెలో పోస్తే ఆవిరి దాదాపు ఉండదు. అప్పుడు కూడా కళ్లు మండితే అనుమానించాల్సింది సెంటును, ఎక్కువ వేసినా వేడి మీద వేసినా అది మండుతుంది. అయినా బ్లెండరు తిప్పేటప్పుడు చిమ్ముతుంది, గాగుల్స్ తీయకండి. అచ్చులో పోసిన సబ్బులో మొదటి ఒకటి రెండు రోజులు కాస్టిక్ బతికే ఉంటుంది, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. నాలుగు వారాలు ఆరబెట్టమని అంటారు గానీ ముసురు రోజుల్లో ఐదారు వారాలు పట్టడం మామూలే.

నేల మీద రేకులు ఒలికితే పొడి చీపురుతో ఎత్తండి, తడి గుడ్డ పెట్టకండి. కాస్టిక్ నీళ్లు ఒలికితే ఎక్కువ మంచి నీళ్లతో కడిగి, చివర్లో పలచటి వెనిగర్‌తో తుడవండి, వెనిగర్‌కు అక్కడే పని. మొన్న కలిపిన వంటింటి గట్టు, స్టవ్వు, గోడ పలకలు కూడా ఒకసారి తడిగుడ్డతో గ్లవ్స్ వేసుకుని తుడవండి, తుంపర ఆరి పల్చటి పొరలా ఉంటుంది. మిగిలిన కాస్టిక్ నీళ్లను పంట కాలువలో గానీ చేపల చెరువులో గానీ వంపొద్దు. తగినంత నూనె కలిపి పాత్రలు తోముకునే సబ్బు ముద్ద చేసుకోండి, కొబ్బరి నూనె అయితే ప్రతి 155 గ్రాముల కాస్టిక్‌కు కిలో లెక్కన.